చుట్టకుదురు మీద సెల్లో

పెట్టె మూత తీయగానే ముందు రోజిన్ వాసన వస్తుంది. కమానుకు రాసే ఆ జిగురుగడ్డ చిక్కబళ్ళాపురం ఎండకు కొంచెం మెత్తబడి, సాంబ్రాణి ఆరిపోయాక గదిలో మిగిలే వాసన లాంటిదేదో వదులుతుంది. దాని వెనకాలే ఇంకొకటి వస్తుంది. పాత నూలుచీర, ఎండు వరిగడ్డి, ఎవరి తలదో కొబ్బరినూనె, అన్నీ కలిసిన వాసన. ప్రపంచంలో ఇంకే సెల్లో పెట్టెలోనూ అది ఉండదని నా నమ్మకం. ఈ రోజు పాఠానికి వచ్చిన చిన్నపాప ముక్కు ఎగబీల్చి, "మిస్, మీ సెల్లో మా అవ్వ మాదిరి వాసనొస్తాది" అంది. నాకు నవ్వు ఆగలేదు. పెట్టె మూలన ఉన్న చుట్టకుదురు తీసి దాని చేతిలో పెట్టాను. నీళ్ళబిందె నెత్తిన కదలకుండా కూర్చోవడానికి ఆడవాళ్ళు బిందె కింద పెట్టుకునే చుట్ట అది. ఈ వస్తువు సెల్లో పెట్టెలోకి ఎలా వచ్చిందో చెప్పాలంటే కమలాక్షి మేడమ్ గురించి చెప్పాలి. ఆమె గురించి మొదలుపెడితే నా నోటికి కళ్ళెం ఉండదు, ముందే చెప్పేస్తున్నాను.

కమలాక్షి మేడమ్‌ది చింతామణి దగ్గర పల్లె. మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు ఉన్న రైతు కుటుంబం. చదువుకు బెంగళూరు పంపితే, అక్కడి స్కూల్లో వయొలిన్ల కోసం పిల్లలందరూ ఎగబడ్డారట. వెనకబడిపోయిన ఈమెకు ఎవరూ ముట్టని సెల్లో ఒకటి మిగిలింది. "అడుగంటిన గిన్నె ఆఖర్న వచ్చినోళ్ళకే కదా పాపా. నాకు ఆ మాడిందే రుచి అయింది" అనేది. చెన్నైలో సినిమా పాటల రికార్డింగులకు ఏళ్ళ తరబడి వాయించింది, పెద్ద ఆర్కెస్ట్రాలలో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వాయించింది. రెండు రోజులు సెలవు దొరికితే చాలు, భుజాన తాడు వేసుకొని ఏదో ఒక కొండకు పోయేది. ఒక ఎండాకాలం ఆ రెండింటినీ కలిపేసింది. సెల్లోను మూపున కట్టుకొని హిమాలయాలలో ఒక కనుమ ఎక్కి, అక్కడి గొర్రెల కాపర్ల ముందు కూర్చొని వాయించింది. తిరిగొచ్చాక నాలుగు గోడల మధ్య వాయించడం ఆమెకు సహించలేదు. అప్పటినుంచి కొండల మీద, సముద్రపు ఒడ్డున, ఎడారిలో, ఎక్కడ రోడ్డు ఆగిపోతుందో అక్కడినుంచి నడిచి వెళ్ళి కచేరీ చేయడమే ఆమె వృత్తి అయింది. వినడానికి జనం ఆమె వెంట నడిచేవాళ్ళు. మా పక్క పల్లెల్లో మాత్రం ఆమెకు ఒకటే పేరు, పెద్ద పిటీలమ్మ.

నేను ఆమెను మొదట చూసింది బాగేపల్లిలో మా నాన్న అంగట్లో. నేను డిగ్రీ చదువుతున్న రోజులు. మా వాళ్ళు తరతరాలుగా బెల్లం, చింతపండు, వేరుశనగ వ్యాపారం చేస్తున్న శెట్లు. ఒక పొద్దున నెరిసిన జుట్టును బిగించి ముడివేసుకున్న పొడుగాటి ఆమె, మనిషెత్తు పెట్టె వీపున వేసుకొని వచ్చి, దారిలో తినడానికి బెల్లం, వేయించిన శనగకాయలు అడిగింది. మా నాన్నకు సరుకు తూచేటప్పుడు మాట్లాడకపోతే తక్కెడ నిలబడదు.

"ఆ పెట్టెలో ఏముండాదమ్మా?"

"పిటీలుకు పెద్దక్క ఉండాదప్పా" అంటూ ఆమె బెల్లం గోనెల మధ్య స్టూలు వేసుకొని కూర్చుంది. పెట్టె తెరిచి, తీగలు సరిచేసుకొని కాసేపు వాయించింది. ఆ అడుగు తీగ మోగినప్పుడు తక్కెడ పళ్ళేలు సన్నగా గలగలలాడాయి. నేను ఆనుకున్న గోనె కూడా నా వీపుకు సన్నగా అదిరింది. అంతవరకు సంగీతమంటే చెవులకు మాత్రమే సంబంధించిన విషయమని అనుకునేదాన్ని. మా నాన్న తల ఊపి, "బాగుండాదమ్మా. దీన్ని యెవురు కొంటారు?" అన్నాడు, ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని. ఆమె పడీపడీ నవ్వింది. నేను ఆమె వెనకాలే బస్టాండు దాకా నడిచి, నాకు నేర్పిస్తారా అని అడిగాను. "నీకు కొండెక్కను వస్తాదా?" అని ఆమె ఎదురు ప్రశ్న వేసింది.

ఆ ప్రశ్న ఎందుకు వేసిందో ఆదివారం తెలిసింది. చింతామణిలో ఆమె ఇంటికి పోతే, సెల్లో చూపించలేదు. ఖాళీ పెట్టెలో రాగుల సంచి వేసి, పట్టీలు నా భుజాలకు తగిలించి, పద అంది. ఆమె దగ్గర ఒకటే నియమం. వాయించేవాళ్ళే మోయాలి. కూలీని పెట్టుకోవడం లేదు, శిష్యుల చేత మోయించుకోవడం లేదు. బండరాళ్ళ మధ్య నేను రొప్పుతూ ఎక్కుతుంటే వెనకనుంచి అడిగేది.

"బరువుండాదా?"

"ఉండాది మేడమ్."

"అయితే సరిగ్గానే యెక్కుతాండావు."

కొండ మీద కూర్చున్నాక ఊపిరి ఎలా దిగుతోందో గమనించమనేది. కమాను కూడా అంత నిదానంగా దిగాలని, తొందరపడితే రాయి మీద కాలు జారినట్టు స్వరం జారుతుందని చెప్పేది. కొన్ని నెలలపాటు నేను నేర్చుకున్న సంగీతమంతా రాగులు మోయడమే. మా అమ్మ అయితే, "ఆ రాగులు మిల్లుకన్నా వేసుకొని రాకూడదా, పిండన్నా మిగులు" అనేది. తర్వాత మేడమ్ తన పాత సెల్లోను నాకు ఇచ్చింది. దాన్ని తొలిసారి వీపున వేసుకున్నప్పుడు, రాగులకంటే అది ఎంత తేలికో తెలిసి దారంతా ఎగిరినట్టు నడిచాను.

ఇక్కడ ఒక చెప్పు గురించి చెప్పాలి. సెల్లో అడుగున ఒక ఇనుప మేకు ఉంటుంది. దాన్ని నేలకు ఆనించి, వాద్యాన్ని మోకాళ్ళ మధ్య నిలబెట్టి వాయించాలి. చెక్క నేల మీద మేకు గుచ్చుకొని నిలుస్తుంది. మా పక్క నున్నటి నల్లబండల మీద అది నిలవదు, సర్రున జారుతుంది. అందుకని మేడమ్ ఒక పాత రబ్బరు చెప్పుకు నడుమ చిన్న గుంట చేసి, మేకు అందులో పెట్టి వాయించేది. ఏ దేశంలో ఏ కొండ మీదైనా అదే చెప్పు. "ఈ చెప్పుకున్న పాస్‌పోర్టు స్టాంపులు మీ తాలూకా ఆఫీసులో కూడా ఉండవు" అని గొప్పలు పోయేది. నాకూ ఒక చెప్పు తయారుచేసి పెట్టె లోపల దోపి ఇచ్చింది.

డిగ్రీ ముగిసేసరికి అసలు సంగతి ముందుకొచ్చింది. చెన్నైలో తన పాత సహ వాద్యకారుని దగ్గర నన్ను ఉంచి గట్టిగా నేర్పించాలని మేడమ్ ఆలోచన. తాను ఊళ్ళు పట్టుకు తిరిగే మనిషి కాబట్టి, రోజూ దగ్గర కూర్చోబెట్టుకొని దిద్దే గురువు కావాలంది. మా నాన్న అప్పటికే బెంగళూరులో బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటర్ చూసి పెట్టాడు. మేడమ్ అంగడికి వచ్చి అడిగింది. ఆయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు, అదే కష్టం.

"నేను సంగీతానికి అడ్డం పొయ్యేవాణ్ణి కాదమ్మా. కాని గిరాకీ లేని సరుకును అంగట్లో పెట్టే శెట్టిని కూడా కాదు. మీకైతే దేశదేశాల్లో జనం ఉండారు. ఈ పాపకు యెవురుండారు? మన పక్క ఒక్క గిరాకీని చూపించండి, పంపిస్తా. బెంగళూరోళ్ళు వద్దు, మనోళ్ళు కావల్ల."

"ఒక్కరు కూర్చొని వింటే చాలునా శెట్టప్పా?"

"వింటే చాలదు. ఒకసారి వచ్చినోడు దారిన పొయ్యేవాడు. రెండోసారి వచ్చినోడే గిరాకీ."

ఆయన వ్యాపారమంతా ఆ మాట మీదే నడిచేది. కొత్తగా వచ్చినవాళ్ళకు తూకం ఖచ్చితం, ముల్లు అటూ ఇటూ కదలదు. రెండోసారి వచ్చినవాళ్ళకు తూచాక పైన ఒక బెల్లం ముక్క కొసరు వేసేవాడు. బాగేపల్లిలో ఆ కొసరు అందుకోవడం ఒక మర్యాద. నెలాఖరులోగా చెన్నైకి ఏదో ఒకటి చెప్పాలి. నాకు అలాంటి గిరాకీ ఎక్కడా కనబడలేదు. మేడమ్ మాత్రం బయటికి రాగానే, "అయితే ఒక పల్లె చూద్దాం పా" అంది, సంతకు పోయివద్దాం అన్నంత తేలిగ్గా.

గుడిబండె దాటాక ఒక చిన్న గుట్ట, దాని కింద ముప్పై నలభై ఇళ్ళ పల్లె. అక్కడ నలుగురిని కూడగట్టి, గుట్ట మీద నన్ను వాయించనివ్వాలని మా పథకం. ఎండలు మండుతున్నాయి, వాన జాడ లేదు. వేడికి సెల్లో చెక్క పగులుతుందని మేడమ్ తన తల్లిది ఒక ఎర్రచీర తడిపి పెట్టెకు చుట్టింది. అదీ చాలదని దారిలో వేపకొమ్మలు విరిచి చీర మడతల్లో దోపింది. నేను ఆ పెట్టెను వీపున వేసుకొని చెప్పుల్లేకుండా నడుస్తున్నాను, ఎందుకంటే రాతి మీద ఉత్తకాళ్ళతోనే ఎక్కాలన్నది ఆమె ఇంకో పట్టుదల.

పల్లె మొదట్లోనే ఒక ఆమె మమ్మల్ని చూసి ఇంట్లోకి పరుగెత్తింది. మరు నిమిషానికి ఆడవాళ్ళు బిందెలతో వచ్చారు. నా కాళ్ళ మీద పసుపునీళ్ళు పోశారు. ఒకామె పెట్టెకు కుంకుమ పెట్టింది. ఇంకొకామె చేటలో బియ్యం తెచ్చి మేడమ్ ఒడిలో పోసింది. మేడమ్ కళ్ళు మెరిశాయి. "చూసినావా? పై దేశాల్లో కూడా నాకు ఇంత మర్యాద చెయ్యలేదు" అని నా చెవిలో గుసగుసలాడింది. నాకు మాత్రం విషయం అర్థమై చెమటలు పడుతున్నాయి. మా పక్క మారెమ్మను పెట్టెలో పెట్టుకొని ఊరూరా తిరిగేవాళ్ళుంటారు, వాన రావాలని వాళ్ళ కాళ్ళకు నీళ్ళు పోస్తారు. ఎర్రగుడ్డ, వేపాకు, పెట్టె మోసే ఆడమనిషి ఉత్తకాళ్ళు. అందులోనూ వానలు లేని కాలం. ఏదీ తక్కువ కాలేదు.

"మేడమ్, వీళ్ళు మనల్ని మారెమ్మను మోసుకొచ్చినోళ్ళు అనుకుంటాండారు."

ఆమె నవ్వు ఆగిపోయింది. అటూ ఇటూ చూసింది. బిందెలు ఎత్తుకొని పల్లె సగం మా వెనక నడుస్తోంది. "ఒక్కొక్కరికి చెప్తే ఒక్కొక్క కథ అవుతాది. పైన అందర్నీ కూర్చోబెట్టి చెప్పేద్దాం, ఉండు" అంది. గుట్ట ఎక్కుతున్నంతసేపూ నా వెనకనుంచి బరువుండాదా అని అడగలేదు. ఆ రోజు అడగాల్సింది.

పైన చదునైన బండ. అందరూ చుట్టూ కూర్చున్నారు. ముందువరుసలో నరసమ్మ అనే ఆమె, మా అమ్మ వయసు ఉంటుంది, నిండు బిందె దించి పక్కన పెట్టుకొని కూర్చుంది. మేడమ్ గొంతు సవరించుకొంటూ ఉంది. నేను కంగారులో పెట్టె దించి, ఏం చేస్తున్నానో తెలియకుండానే కొక్కేలు తీసేశాను. మూత తెరుచుకుంది. లోపలినుంచి ముందుగా బయటపడింది ఏమిటో మీరు ఊహించే ఉంటారు. నా రబ్బరు చెప్పు బండ మీద టప్పున పడి, జారుకుంటూ పోయి నరసమ్మ కాళ్ళ ముందు ఆగింది.

అప్పటికే కొందరు చేతులు జోడించి ఉన్నారు. దేవత పెట్టెలో చెప్పు. నా గిరాకీ, నా చెన్నై, నా బతుకు అన్నీ ఆ చెప్పుతోపాటే జారిపోయాయనుకున్నాను. మేడమ్ లేచి నిలబడింది.

"అమ్మా, ఇది అమ్మవారు కాదు. పెద్ద పిటీలు. ఎండకని ఎర్రచీర చుట్టినాము, నీడకని వేపాకు పెట్టినాము. కిందనే చెప్పల్సింది. చెప్పలేదు, తప్పు మాదే. మీ బియ్యం ఇదో, వెనక్కి తీసుకోండి."

నరసమ్మ చెప్పును చూసింది, సెల్లోను చూసింది, పసుపు ఆరిన నా కాళ్ళను చూసింది.

"మరి మేము నీళ్ళు పోస్తిమే?"

"పోసినారు తల్లీ. చల్లగా ఉండె" అంది మేడమ్. ఆ జవాబుకు వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు పక్కవాళ్ళకు అంటుకుంది. నరసమ్మ నవ్వలేదు.

"పోసిన నీళ్ళు యెత్తుకోలేము. కాళ్ళు కడిగినాక కూర్చోబెట్టకుండా పంపించేది మా ఇండ్లల్లో లేదు. ఏం పాటో అది కానీండి. ఆ చెప్పు మాత్రం అవతల పెట్టు పాపా, చూడలేకున్నా."

"చెప్పు లేకుంటే ఇది బండమీద నిలవదమ్మా, జారతాది" అన్నాను.

ఆమె ఇంకా నెత్తిమీదే ఉన్న చుట్టకుదురును తీసింది. వరిగడ్డి మీద పాత చీరపేలికలు బిగించి చుట్టినది. దాన్ని బండ మీద నా ముందు పెట్టి, అరచేత్తో ఒత్తి, "నీళ్ళబిందే జారదు దీనిమీద. నీ కట్టె జారతాదా? పెట్టు" అంది.

మేకు ఆ గడ్డిలోకి దిగి గట్టిగా నిలిచింది. నేను వాయించాను. ఒంటి సెల్లో కోసం రాసిన నిదానమైన రచన అది, ఎన్నో ఆదివారాలు రాళ్ళ మీద సాధన చేసింది. మొదట్లో కమాను తొందరపడింది. తర్వాత అడుగు తీగ నాదం బండలోకి దిగి, నా కాళ్ళలోకే తిరిగి వచ్చింది. కూర్చున్నవాళ్ళకూ అది తెలిసిందనుకుంటాను, ఒక ముసలాయన అరచెయ్యి బండకు ఆనించి అలాగే ఉంచాడు. నాకు పట్టరాని సంతోషం కలిగింది. అంతటి సంతోషం తర్వాత పెద్ద వేదికల మీద కూడా నాకు మళ్ళీ దొరకలేదు. ముగిశాక చప్పట్లు లేవు. అమ్మవారికని తెచ్చిన అలసంద గుగ్గిళ్ళు అందరూ పంచుకొని తిన్నారు, మాకూ దోసిళ్ళ నిండా పెట్టారు. ఎవరి పాపవని నరసమ్మ అడిగితే, బాగేపల్లి బెల్లం అంగడి శెట్టి కూతురినని చెప్పాను.

ఇంటికి వచ్చి గొప్పగా చెప్పాను, పల్లె సగం కూర్చొని విన్నదని. మా నాన్న అంతా శ్రద్ధగా విని అడిగాడు.

"గుగ్గిళ్ళు పంచింది ముందరనా, పాట అయినాకనా?"

"అయినాక."

"నైవేద్యం తినకుండా యెవురు లేస్తారు పాపా? వాళ్ళొచ్చింది అమ్మవారికి."

పెట్టె తెరిస్తే చుట్టకుదురు కనబడింది. సర్దేటప్పుడు, అలవాటుగా చెప్పు పెట్టే చోట మేడమ్ దాన్ని పెట్టేసింది. పరాయి వస్తువు మనింట్లో ఉండకూడదంటూ, ఆ పక్కనుంచి ఎవరైనా వస్తే ఇచ్చి పంపడానికి మా నాన్న దాన్ని తక్కెడ పక్కన మేకుకు తగిలించాడు. రోజూ అది నా కంటికి కనబడేది. నెల దగ్గర పడుతోంది. కోచింగ్‌కు బట్టలు సర్దుకోమని అమ్మ అంటోంది. మేడమ్‌కు ఫోన్ చేస్తే, "సాధన ఆపొద్దు" అని ఒక్క మాట అని పెట్టేసేది.

సంత రోజున నరసమ్మ అంగడి ముందు నిలబడి ఉంది. నేను లోపల చింతపండు గింజలు తీస్తున్నాను. ఆమె బెల్లం అడిగింది. మా నాన్న తూస్తూ, ఆమె చూపు మేకు మీదికి పోవడం గమనించాడు.

"ఇది నీదేనా తల్లీ? తీసుకో. మా పాప తెలీక తెచ్చింది."

"నాదే. నాకొద్దప్పా, నేను ఇంకొకటి చుట్టుకుంటిని. ఆ పాప యాడుండాది? మళ్ళా యెప్పుడొస్తాదో అడుగుదామని వస్తిని. ఈ తూరి మా అక్కాచెల్లెండ్లు కూడా వస్తామంటాండారు."

మా నాన్న చెయ్యి తక్కెడ మీద ఆగింది. "మీ పక్క వాన పడెనా?"

"యాడ వాన? ఒక్క చుక్క రాల్లే."

"మరి మళ్ళా రమ్మంటాండావే?"

"వానకని యెవురన్నారు శెట్టప్పా? వినేదానికి. మా ఇంట్లో పాడియావు ఒకటి ఉండె, పొద్దు మునిగేటప్పుడు దూడకోసం అరిచేది. ఆ కట్టె గొంతు అట్లనే ఉండె. ఇంకొకసారి వినల్ల అనిపించింది."

మా నాన్న ముల్లు సరిగ్గా నిలిచేదాకా తూచి, పొట్లం కట్టబోతూ ఆగి, పెద్ద బెల్లం ముక్క ఒకటి తీసి పైన కొసరు వేశాడు. నరసమ్మ మా అంగడికి రావడం అదే మొదటిసారి.

ఆ తర్వాతిది మామూలు కథ. చెన్నై, సాధన, కచేరీలు, ఇప్పుడు చిక్కబళ్ళాపురంలో పిల్లలకు పాఠాలు. మేడమ్‌కు మోకాళ్ళు సహకరించక, కొండలు ఎక్కడం మానేసింది. ఏటా ఎండాకాలంలో నేను ఆ గుట్ట ఎక్కుతాను. ఆమె కింద నరసమ్మ ఇంటి అరుగు మీద కూర్చొని, నాదం కిందికి ఎంత స్పష్టంగా దిగిందో, ఎక్కడ తొందరపడ్డానో చెప్తుంది. పెట్టెలో ఉన్నది మారెమ్మ కాదని పల్లెలో పసిపిల్లలకు కూడా తెలుసు. అయినా నా కాళ్ళకు పసుపునీళ్ళు పోస్తారు. ఎందుకని ఒకసారి అడిగితే, మోసుకొని వచ్చినావు కదా అన్నారు. పోయిన వేసవిలో పెట్టె వీపున వేసుకుంటుంటే అరుగు మీదినుంచి మేడమ్ అడిగింది, బరువుండాదా అని. ఉండాది మేడమ్ అన్నాను, పాత పాఠం అప్పజెప్పినట్టు.

చెప్పును మేమిద్దరం మళ్ళీ వాడలేదు. చుట్టకుదురు పైగుడ్డ రెండుసార్లు చిరిగితే మా అమ్మ చీరతో చుట్టించాను, లోపలి గడ్డి మాత్రం అదే. కచేరీ అయిపోయాక ప్రతి ఏడూ దాన్ని నరసమ్మకు చాపి, ఇదో నీ కుదురు, తీసుకో అంటాను. ఆమె నా చెయ్యి వెనక్కి తోసి, "ఉండనీలే, మళ్ళా వస్తావు కదా" అంటుంది. ఆమె తీసుకోదని నాకు తెలుసు. ఆ మాట వినడానికే ఏటా చాపుతాను.